మత్తు మహమ్మారి - మొహల్లా బాధ్యత

మదీనాలో అబూ తల్హా (రజి) గారి ఇల్లు. కొందరు అన్సారీ పెద్దలు కూర్చొని ఉన్నారు. ఖర్జూరాలతో చేసిన మద్యం గిన్నెలు చేతులు మారుతున్నాయి. అందరికీ పోసి ఇస్తున్నది ఆ ఇంట్లోనే పెరుగుతున్న హజ్రత్ అనస్ (రజి). అందరిలోకీ చిన్నవారు ఆయనే. అప్పటికింకా మద్యం నిషిద్ధం కాలేదు. అంతలో వీధిలో ఎవరో ఎలుగెత్తి ప్రకటన చేస్తున్న శబ్దం వినిపించింది. ఏమిటో కనుక్కొని రమ్మని అబూ తల్హా (రజి) పంపారు. మద్యం నిషేధించబడిందన్న కబురుతో అనస్ (రజి) తిరిగొచ్చారు. ఉన్నదంతా పారబోయమన్నారు పెద్దలు. ఆ రోజు మదీనా సందుల్లో మద్యం పారిందని స్వయంగా అనస్ (రజి) ఉల్లేఖించారు. (బుఖారీ, ముస్లిం)

మనం ఎన్నోసార్లు విన్న సంఘటనే ఇది. సహాబాల విధేయతకు నిదర్శనంగా దీన్ని చెబుతుంటారు. అది ముమ్మాటికీ నిజం. అయితే మన పిల్లల్ని మత్తు బారి నుంచి కాపాడుకోవాలనుకునేవారికి ఇందులో మరో పాఠం కూడా ఉంది. పక్కింటివాడు పారబోశాడా లేదా అని ఆ రోజు ఎవరూ వాకబు చేయలేదు. ఊరంతా ఒకేసారి వదిలేసింది. మర్నాడు ఏ యువకుడికైనా మనసు లాగి ఉంటే, వెళ్లి గిన్నె అందుకోవడానికి అతనికి ఇల్లంటూ మిగల్లేదు. అమ్మాలనుకున్నవాడికి కొనేవాడు దొరకలేదు. ఒక్కొక్కరి మనోబలం మీద మాత్రమే భారం పెట్టకుండా, చుట్టూ ఉన్న సమాజమే ఒక గోడలా నిలబడింది.

అది ఒక్క రోజులో జరిగిన పని కాదు. ముందుగా స్వర్గనరకాల ప్రస్తావన ఉన్న సూరాలు అవతరించాయని, ప్రజల హృదయాలు ఇస్లాంలో స్థిరపడిన తర్వాతే హలాల్, హరామ్ ఆదేశాలు వచ్చాయని, మొట్టమొదటే మద్యం మానమని ఉంటే ఎన్నటికీ మానమని జనం అనేవారని హజ్రత్ ఆయిషా (రజి) వివరించారు. (బుఖారీ) మొదట మద్యంలో లాభం కన్నా పాపమే పెద్దదని తెలియజేయడం జరిగింది (2:219). తర్వాత మత్తులో ఉండగా నమాజు దరిదాపులకు రావద్దన్న ఆజ్ఞ వచ్చింది (4:43). చివరికి సంపూర్ణ నిషేధం వచ్చింది (5:90, 91). ఈ చివరి ఆయతుల్లో అల్లాహ్ తెలిపిన కారణాల క్రమాన్ని గమనించండి. మద్యం, జూదాల ద్వారా షైతాన్ మనుషుల మధ్య వైరం, ద్వేషం రగిలిస్తాడన్న మాట ముందుంది. దైవస్మరణ నుంచి, నమాజు నుంచి ఆపుతాడన్న మాట ఆ తర్వాత వచ్చింది. మత్తు మొట్టమొదట మనిషికీ మనిషికీ మధ్య ఉన్న బంధాన్ని తెంచుతుందన్నమాట. కనుక దానికి విరుగుడు కూడా ఆ బంధంలోనే వెతుక్కోవాలి.

ఇంకొక చిన్న సంగతి. ఆనాటి సభలో గిన్నెలు అందిస్తున్నది అందరికన్నా చిన్నవాడు. నేడు మన ఇళ్లలో మాత్రం? “ఒరేయ్, కొట్టుకెళ్లి ఒక సిగరెట్ పట్రా, మిగిలిన చిల్లరకు చాక్లెట్ కొనుక్కో” అని ఎనిమిదేళ్ల పిల్లవాణ్ణి పంపే తండ్రులు లేరా? కొట్టువాడితో పరిచయం, ఆ పొట్లం తీరు, దాని వాసన అన్నీ ఆ పిల్లవాడికి మనమే అలవాటు చేస్తున్నాం.

గంజాయి పేరు ఖుర్ఆన్‌లో ఉందా?

కొందరు కుర్రవాళ్లు ఈ ప్రశ్న అడుగుతారు. తెలిసి కొందరు, తెలియక కొందరు. దీనికి జవాబు హజ్రత్ ఉమర్ (రజి) మింబరు మీదే చెప్పేశారు. నిషేధం వచ్చిన నాడు ద్రాక్ష, ఖర్జూరం, తేనె, గోధుమ, బార్లీ ఈ అయిదింటితో మద్యం తయారయ్యేదని పేర్కొని, బుద్ధిని కమ్మేసేదల్లా ‘ఖమ్ర్’ కిందికే వస్తుందని ఆయన స్పష్టం చేశారు. (బుఖారీ, ముస్లిం) మత్తు కలిగించే ప్రతిదీ ఖమ్రేనని, అది నిషిద్ధమని మహాప్రవక్త (స) ప్రవచించినట్లు ఇబ్నె ఉమర్ (రజి) ఉల్లేఖించారు. (ముస్లిం) ఎక్కువ తీసుకుంటే మత్తెక్కించేది కొంచెం తీసుకున్నా హరామేనన్న హదీసు కూడా ఉంది. (అబూ దావూద్, తిర్మిజీ) “వారానికొక్కసారే కదా”, “ఒక్క దమ్మే కదా” అనేవారికి ఈ ఒక్క హదీసు చాలు. గంజాయి మొక్క నుంచి వచ్చే హషీష్ తమ కాలంలో వ్యాపించినప్పుడు ఇమామ్ ఇబ్నె తైమియా (రహ్మ) అది హరామని తీర్పు ఇచ్చారు. ధర్మం, ప్రాణం, బుద్ధి, వంశం, ధనం - షరీఅత్ రక్షించదలచిన ఈ అయిదింటిలో బుద్ధి ఒకటని ఉలమా చెబుతారు. గంజాయి, మాత్ర, ఇంజెక్షన్, పీల్చే ద్రవం ఏదైనా సరే, బుద్ధి మీదనే దెబ్బ కొడుతుంది. ఒకసారి బుద్ధి దెబ్బ తిన్నాక మిగతా నాలుగూ ఎంతకాలం నిలుస్తాయి?

మొదటి మోతాదు ఎవరిస్తారు?

తల్లిదండ్రుల ఊహల్లో మత్తుమందు అమ్మేవాడంటే ఎవరో ముసుగు వేసుకున్న అపరిచితుడు. చాలాసార్లు జరిగేది అది కాదు. మొదటిసారి ఇచ్చేది స్నేహితుడు, అదీ ఉచితంగానే. ఒకే ట్యూషన్‌కు వెళ్లేవాడో, క్రికెట్ ఆడేవాడో, వరసకు అన్న అయ్యేవాడో. కనుకనే మనిషి తన స్నేహితుని ధర్మం మీద ఉంటాడని, ఎవరితో స్నేహం చేస్తున్నాడో చూసుకోవాలని మహాప్రవక్త (స) హెచ్చరించారు. (అబూ దావూద్, తిర్మిజీ) అత్తరు వ్యాపారి, కొలిమి ఊదేవాడు - ఈ ఇద్దరి ఉపమానం కూడా ఈ కోవకు చెందినదే. (బుఖారీ, ముస్లిం)

కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వశాఖ, ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులతో కలిసి చేయించిన జాతీయ సర్వే నివేదిక 2019లో వెలువడింది. దేశంలో సుమారు 16 కోట్ల మంది మద్యం, సుమారు 3.1 కోట్ల మంది గంజాయి రకాలు తీసుకుంటున్నట్లు అందులో ఉంది. అయితే తల్లిదండ్రులు గమనించవలసిన మాట మరొకటి ఉంది. పెద్దవారికన్నా పిల్లల్లోనే ఎక్కువ శాతం కనిపించిన మత్తు ఒకే ఒక్కటి. అది పీల్చే పదార్థాలు. అంటే సొల్యూషన్, థిన్నర్, వైట్‌నర్ వంటివి. వీటి నుంచి బయటపడటానికి సుమారు 4.6 లక్షల మంది పిల్లలకు సహాయం అవసరమని ఆ నివేదిక అంచనా వేసింది. ఇవి దొరకడానికి ఏ రహస్య స్థావరానికీ వెళ్లనక్కర్లేదు. పంక్చరు షాపులో, పెయింటు డబ్బాల కొట్టులో, చెప్పులు కుట్టే చోట ఉంటాయి. చదువు మాన్పించి పనిలో పెట్టిన మన పిల్లలు ఎక్కువగా ఉండే చోట్లు కూడా అవే! రుమాలు మీద పోసుకొని పీల్చే పిల్లవాడికి ఆకలి తెలియదు, భయం తెలియదు. కొద్ది సేపటికి ఏమీ తెలియదు. అలా పీలుస్తూనే గుండె ఆగి చనిపోయే ప్రమాదం కూడా ఉంది.

దగ్గుమందు సీసాలు, చీటీ లేకుండా అమ్మే నిద్రమాత్రలు, ఇ-సిగరెట్లు, విశాఖ ఏజెన్సీ నుంచి పొట్లాలుగా చేరే గంజాయి - ఇవన్నీ తర్వాతి మెట్లు. కల్లు “చెట్టు మందే కదా” అని తేలిగ్గా తీసుకునేవారూ ఉన్నారు. అది హరామన్న సంగతి అలా ఉంచండి. నిద్రమందులు కలిపిన కల్తీకల్లు ఎంత దారుణమైనదో తెలంగాణలో అందరికీ తెలుసు. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీకల్లు తాగి పలువురు ప్రాణాలు కోల్పోయారు.

ఓడ అడుగున రంధ్రం

“మా పిల్లవాడు మంచివాడు, ఎవరి పిల్లల సంగతి మాకెందుకు?” అనుకునేవారికోసమే కాబోలు, దైవప్రవక్త (స) ఓడ ఉపమానం చెప్పారు. హజ్రత్ నోమాన్ బిన్ బషీర్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు (బుఖారీ) సారాంశం ఏమిటంటే - ఒక ఓడలో కొందరికి పై అంతస్తు, కొందరికి కింది అంతస్తు వచ్చాయి. కిందివారు నీటికోసం మాటిమాటికీ పైకి రావలసి వచ్చేది. పైవారికి ఇబ్బంది కలిగించడమెందుకు, మన వాటాలోనే ఒక రంధ్రం చేసుకుందామని వారు అనుకున్నారు. పైవారు ఊరకుంటే అందరూ మునుగుతారు. చేయి పట్టుకొని ఆపితే అందరూ బతుకుతారు.

ఇందులో ఒక సూక్ష్మం ఉంది. కిందివారు దుర్మార్గులని హదీసు చెప్పడం లేదు. వారికి దాహం ఉంది, అవసరం ఉంది. పైకి వస్తే విసుక్కుంటారేమోనన్న మొహమాటం కూడా ఉంది. మన మొహల్లాల్లో మత్తుకు బానిసవుతున్న పిల్లల్లో చాలామంది పరిస్థితి ఇదే. తండ్రి గల్ఫ్‌లో ఉంటాడు, లేదా రాత్రి పదకొండు దాకా ఆటో తోలుతుంటాడు. తల్లి నాలుగిళ్లలో పని చేస్తుంది. ఇల్లు ఒక గది. ఆ గదిలో ఏడుగురు. పదిహేనేళ్లవాడు ఇంట్లో ఎక్కడ కూర్చోవాలి? చబూత్రా మీద కూర్చుంటాడు. మస్జిదుకు వస్తే, ప్యాంటు పొడవైందనో, జుట్టు పెంచాడనో మనలో ఎవరో ఒక పెద్దమనిషి కసురుకుంటాడు. పైఅంతస్తువారు నీళ్లు ఇవ్వని ఓడకు రంధ్రం పడటంలో ఆశ్చర్యమేముంది?

ఒక పల్లె, ఒక దేశం

సమాజం కలిసికట్టుగా నిలిస్తే ఏం జరుగుతుందో చూడటానికి ప్రవక్త (స) కాలంతోనే ఆగనవసరం లేదు. మన నెల్లూరు జిల్లాలోని దూబగుంట పల్లెనే చూడండి. 1990లో ఆ జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. రాత్రి బడికి వచ్చిన కూలి స్త్రీలు అక్షరాలతోపాటు తమ బతుకుల గురించి కూడా మాట్లాడుకోసాగారు. భర్తల కూలి డబ్బు ఎక్కడికి పోతోందన్న దగ్గరికి వచ్చేసరికి, జవాబు అందరిళ్లలోనూ ఒక్కటే అయింది. ఏ ఇంటికి ఆ ఇల్లు దాచుకున్నంత కాలం అది విధిరాత. పదిమంది ముందు చెప్పుకున్నాక అది ఊరి సమస్య అయింది. 1992లో దూబగుంట స్త్రీలు ఊళ్లో సారా అమ్మకం ఆపించారు. ఉద్యమం జిల్లాలకు పాకింది, సారా వేలంపాటలు ఆగిపోయాయి. 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. అయితే 1997లో ప్రభుత్వమే సంపూర్ణ నిషేధాన్ని సడలించింది. చట్టం ఇచ్చిన చేత్తోనే తీసుకుపోతుంది. ఆ స్త్రీలు రాత్రి బడిలో కూర్చొని చేసిన పనిని మాత్రం ఏ ప్రభుత్వమూ వారికి చేసి పెట్టలేదు, చేసి పెట్టజాలదు కూడా.

రెండో ఉదాహరణ మరీ దూరానిది. అయినా పిల్లల విషయంలో దానంత స్పష్టమైనది మరొకటి దొరకదు. ఉత్తర సముద్రాల్లో ఐస్‌లాండ్ అనే చిన్న దేశం ఉంది. ముస్లిం దేశం కాదు. పెద్దలకు మద్యం అక్కడ చట్టసమ్మతమే. 1998లో అక్కడి 15, 16 ఏళ్ల పిల్లల్లో 42 శాతం మంది గడచిన నెలలో తప్పతాగామని సర్వేలో చెప్పారు. 2016 నాటికి ఆ సంఖ్య 5 శాతానికి దిగింది. రోజూ సిగరెట్ తాగేవారు 23 శాతం నుంచి 3 శాతానికి, గంజాయి రుచి చూసినవారు 17 శాతం నుంచి 7 శాతానికి తగ్గారు.

ఏం చేశారు వారు? పిల్లలకు ఉపన్యాసాలు ఇవ్వడం తగ్గించి, పెద్దల్ని కదిలించారు. బడుల్లో సర్వే చేసి, ఆ బడి ఫలితాలను ఆ పేటవారికే చూపించారు. “దేశంలో ఇలా ఉంది” అంటే ఎవరూ లేవరు. “మీ వీధి పిల్లలు ఇలా ఉన్నారు” అంటే మాత్రం లేచి కూర్చుంటారు. పదమూడు నుంచి పదహారేళ్ల పిల్లలు చలికాలంలో రాత్రి పది తర్వాత, వేసవిలో అర్ధరాత్రి తర్వాత పెద్దల తోడు లేకుండా బయట తిరగకూడదని చట్టం తెచ్చారు. తల్లిదండ్రులు కలిసి ఒప్పంద పత్రాల మీద సంతకాలు చేశారు. రాత్రివేళ వంతులవారీగా పేటల్లో నడిచారు. రాజధాని రేక్యావిక్‌లో పిల్లల ఆటలకు, సంగీతానికి, ఇతర తరగతులకు పురపాలక సంఘం ఏటా కొంత సొమ్ము కేటాయించింది. వారపు రోజుల్లో తల్లిదండ్రులతో తరచూ గడుపుతున్నామన్న పిల్లలు ఆ కాలంలో 23 శాతం నుంచి 46 శాతానికి పెరిగారు. అక్కడి పరిశోధకులు నొక్కి చెప్పిన మాట ఒకటుంది. ఎప్పుడో ఒకసారి గొప్పగా విహారయాత్రకు తీసుకెళ్లడం కాదు, రోజూ ఎంత సమయం దగ్గరుంటున్నారన్నదే ముఖ్యమట.

అల్లాహ్ భయం లేకుండా, కేవలం ప్రాపంచిక దృష్టితో వారు ఇంత సాధించారు. రోజుకు అయిదుసార్లు ఒకచోట చేరే ఏర్పాటు మనకు పద్నాలుగు శతాబ్దాలుగా ఉంది. ఆ చేరిన పావుగంటలో పక్కన నిలబడినవాడి కొడుకు ఏ తరగతి చదువుతున్నాడో మనకు తెలుసా?

మొహల్లా ఏం చేయాలి?

సత్కార్యాల్లో, దైవభీతిలో పరస్పరం సహకరించుకోవాలని, పాపంలో, దౌర్జన్యంలో సహకరించుకోరాదని ఖుర్ఆన్ ఆదేశించింది (5:2). ఆజ్ఞకు రెండు భాగాలున్నాయి. చాలామంది మొదటి భాగం మీద సభలు పెడతారు. ఏటా జూన్ 26న మాదకద్రవ్య వ్యతిరేక దినం వస్తుంది. ఫ్లెక్సీ కడతారు, ర్యాలీ తీస్తారు, ఫోటో దిగుతారు. నా దృష్టిలో పని మొదలుపెట్టవలసింది రెండో భాగం నుంచే. అంటే పాపానికి మనం అందిస్తున్న సహకారం ఆపడం నుంచి.

మద్యం విషయంలో మహాప్రవక్త (స) పదిమందిని శపించారని హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించారు. (తిర్మిజీ) అందులో తాగేవాడు ఒక్కడే. పిండేవాడు, పిండించుకునేవాడు, మోసేవాడు, ఎవరికోసం మోశారో వాడు, పోసేవాడు, అమ్మేవాడు, దాని సొమ్ము తినేవాడు, కొనేవాడు, ఎవరికోసం కొన్నారో వాడు - మిగతా తొమ్మిదిమందీ వీరే. మనం మాత్రం ఆ ఒక్కణ్ణే పట్టుకొని “చెడిపోయాడు” అంటాం. సొమ్ము తినేవాడు మొదటి సఫ్‌లో ఉన్నా సలాం చేస్తాం. మస్జిదుకు చెందిన మల్గీల్లోనే ఏదైనా కొట్టులో గుట్కా దండలు వేలాడుతుంటే, ఆ అద్దెతో మస్జిదు దీపాలు వెలుగుతుంటే, ముతవల్లీ, కమిటీ సభ్యులు ఏం జవాబు చెబుతారు? అద్దె ఒప్పందంలో ఒక వాక్యం చేర్చడం కష్టమైన పనేమీ కాదు. ఖుత్బా కన్నా ముందు జరగవలసిన పని ఇది.

తర్వాత కొట్లవారిని కలవాలి. కమిటీ పెద్దలు, ఇమామ్ సాబ్, ఇద్దరు యువకులు కలిసి వెళ్లాలి. తగాదాకు కాదు, అర్థించడానికి. పంక్చరు షాపు భాయికి చెప్పాలి, పిల్లలకు సొల్యూషన్ ట్యూబు విడిగా అమ్మవద్దని. మందుల కొట్టతనికి చెప్పాలి, చీటీ లేకుండా దగ్గుమందు, నిద్రమాత్రలు ఇవ్వవద్దని. వినకపోతే చట్టం ఉంది. విద్యాసంస్థలకు వంద గజాల లోపు పొగాకు ఉత్పత్తులు అమ్మరాదని, పద్దెనిమిదేళ్ల లోపు వారికి ఎక్కడా అమ్మరాదని 2003 నాటి చట్టం చెబుతోంది. పిల్లలకు పొగాకు గాని, మద్యం గాని, మత్తుమందు గాని ఇచ్చినవారికి ఏడేళ్ల దాకా కఠిన జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చని 2015 నాటి బాలల న్యాయచట్టం 77వ సెక్షన్ చెబుతోంది. ఈ సంగతి చాలామంది కొట్లవారికి తెలియదు. తెలియజేస్తే కొందరు అక్కడికక్కడే మానేస్తారు.

రాత్రి వేళల సంగతి. ఇషా తర్వాత పిల్లలు ఎక్కడున్నారు? ఒక్క తండ్రి తన కొడుకును పదింటికి ఇంటికి రమ్మంటే, “అందరూ బయటే ఉన్నారు, నాకే ఈ జైలా?” అని వాడు ఎదురు తిరుగుతాడు. వాడి మాటలోనూ న్యాయం ఉంది. వీధిలోని ఇరవై ఇళ్లవారు కలిసి ఒకే వేళ నిర్ణయించుకుంటే ఆ వాదనకు చోటుండదు. మదీనాలో జరిగింది కూడా అదే కదా! రమజాన్‌లో తరావీహ్ తర్వాత తెల్లవార్లూ హోటళ్ల ముందు గడిపే అలవాటు గురించి ప్రత్యేకంగా ఆలోచించాలి. ఆ రాత్రులు ఎవరికోసం ప్రసాదించబడ్డాయి, ఎవరు దోచుకుంటున్నారు?

వద్దన్న చోటు ఒకటి చూపించినప్పుడు, రమ్మనే చోటు మరొకటి చూపించాలి. మస్జిదు పై అంతస్తో, మదర్సా హాలో సాయంత్రాలు ఖాళీగా ఉంటే చదువుకునే గదిగా తెరవండి. ఆటస్థలం ఉంటే అసర్ నుంచి మగ్రిబ్ దాకా ఆడించండి. మస్జిదులో హబషీలు ఈటెలతో ఆడుతుంటే దైవప్రవక్త (స) వారించలేదు, పైగా హజ్రత్ ఆయిషా (రజి)కి చూపించారు కూడా. (బుఖారీ, ముస్లిం) స్త్రీల ఇజ్తిమాలో ఈ విషయం తప్పక రావాలి. కొడుకు జేబులో కొత్తగా కనిపించిన లైటరు, కళ్ల ఎరుపు, మాయమైన డబ్బు, వేళగాని వేళ నిద్ర, బట్టలకు థిన్నరు వాసన - ముందుగా పసిగట్టేది తల్లే. భర్తకు చెబితే కొడతాడన్న భయంతో ఆమె దాచిపెడుతుంది. చెప్పుకోవడానికి ఆమెకు ఒక నమ్మకమైన చోటు కావాలి.

దోషాన్ని కప్పడం ఎంతవరకు?

ఇక్కడ ధర్మపరమైన ఒక సందేహం వస్తుంది. తోటి ముస్లిం దోషాన్ని కప్పమని ఇస్లాం బోధిస్తోంది కదా, మరి పక్కింటి కుర్రవాడు గంజాయి తాగుతున్నాడని తెలిస్తే ఏం చేయాలి?

హజ్రత్ ఉఖ్బా బిన్ ఆమిర్ (రజి) దగ్గర పనిచేసే లేఖకుడు ఒకసారి తన పొరుగువారి గురించి ఫిర్యాదు చేశాడు. వారు మద్యం తాగుతున్నారని, చెప్పినా వినడం లేదని, రక్షకభటులను పిలుస్తానని అన్నాడు. ఉఖ్బా (రజి) వద్దన్నారు. ఒక ముస్లిం దోషాన్ని కప్పినవాడు, సజీవంగా పాతిపెట్టబడిన పసిపాపను బతికించినవాడితో సమానమన్న ప్రవక్త (స) ప్రవచనాన్ని గుర్తుచేశారు. (అబూ దావూద్) మరో ఉల్లేఖనంలో, వారికి నచ్చజెప్పు, హెచ్చరించు అని చెప్పినట్లుంది. కప్పడమంటే చూసీ చూడనట్లు ఉండటం కాదని దీన్నిబట్టి తెలుస్తోంది. నలుగురిలో పరువు తీయకూడదు. నేరుగా వెళ్లి నచ్చజెప్పడం మాత్రం మానకూడదు. మనం చాలాసార్లు దీనికి సరిగ్గా వ్యతిరేకంగా చేస్తాం. ఆ పిల్లవాడి తండ్రికి తప్ప వీధిలో అందరికీ చెబుతాం.

అమ్మేవాడి విషయం వేరు. దోషాన్ని కప్పడమన్నది చెడు చేష్టలకు, కీడు చేయడానికి పేరుపడనివారి విషయంలోనేనని, ఫసాదుకు పేరుమోసినవాడి సంగతి అధికారులకు తెలియజేయడమే మంచిదని ఇమామ్ నవవీ (రహ్మ) వివరించారు. కనుక పిల్లలకు పొట్లాలు చేరవేసేవాడు “మనవాడే” అని మౌనం వహించడం దయ కాదు. అది ఓడకు రంధ్రం చేస్తున్నవాడికి ఉలి అందించడమే. మాదకద్రవ్యాల సమాచారం ఇవ్వడానికి తెలంగాణలో 1908, ఆంధ్రప్రదేశ్‌లో 1972 నంబర్లు ఉన్నాయి.

పడినవాణ్ణి లేపడం

మద్యం తాగిన ఒక వ్యక్తిని దైవప్రవక్త (స) సమక్షానికి తెచ్చారు. శిక్ష అమలైంది. వెళ్లిపోతుండగా ఎవరో అతణ్ణి, అల్లాహ్ నిన్ను అవమానం పాలు చేయుగాక అని తిట్టారు. అలా అనవద్దని, అతనికి వ్యతిరేకంగా షైతానుకు తోడ్పడవద్దని ఆయన (స) వారించారు. (బుఖారీ) మాటిమాటికీ ఇదే తప్పుతో పట్టుబడిన మరొకర్ని ఒకరు శపించినప్పుడు, శపించవద్దని, అతను అల్లాహ్‌ను, ఆయన ప్రవక్తను ప్రేమిస్తాడని చెప్పారు. (బుఖారీ) శిక్ష శిక్షే, బంధం బంధమే.

హజ్రత్ ఉమర్ (రజి) దగ్గరికి సిరియా నుంచి ఒక బలశాలి వస్తుండేవాడు. కొంతకాలంగా కనబడలేదు. వాకబు చేస్తే మద్యంలో మునిగిపోయాడని తెలిసింది. ఉమర్ (రజి) కొరడా పంపలేదు, ఉత్తరం పంపారు. అందులో సలాం ఉంది, పాపాలను క్షమించేవాడు, పశ్చాత్తాపాన్ని స్వీకరించేవాడు, కఠినంగా శిక్షించేవాడు కూడా అయిన అల్లాహ్ ప్రస్తావన ఉంది (40:3). పక్కనున్నవారందరినీ అతనికోసం దుఆ చేయమన్నారు. ఆ ఉత్తరాన్ని ఆ మనిషి పదేపదే చదువుకొని ఏడ్చి, తౌబా చేసుకొని మద్యం మానేశాడని ఇబ్నె కసీర్ (రహ్మ) తమ తఫ్సీర్‌లో నమోదు చేశారు. గమనించవలసింది ఏమిటంటే, అతను కనబడటం లేదని ముందుగా గుర్తించింది ఖలీఫాయే. మన మస్జిదులో ఏ కుర్రవాడు ఎన్ని వారాలుగా జుమాకు రావడం లేదో ఎవరైనా లెక్కపెడుతున్నారా?

ఉత్తరంతోపాటు వైద్యం కూడా అవసరం. మత్తుకు బానిస కావడం పాపంతో మొదలైనా, ముదిరాక అది జబ్బు కూడా. రోజూ తాగేవాడు, నిద్రమాత్రలు లేదా కల్తీకల్లు అలవాటైనవాడు ఉన్నట్టుండి మానేస్తే మూర్ఛలు రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. కనుక గదిలో బంధించి మాన్పిద్దామనుకోవడం ప్రమాదం. తాయెత్తుల కోసం దర్గాల చుట్టూ తిప్పి నెలలు పోగొట్టడమూ ప్రమాదమే. హైదరాబాదు ఎర్రగడ్డలోను, విశాఖపట్నంలోను ప్రభుత్వ మానసిక వైద్యాలయాలు ఉన్నాయి. 14446 నంబరుకు ఫోన్ చేస్తే ఉచితంగా సలహా ఇస్తారు. కేసు అవుతుందన్న భయంతో కొందరు ఆసుపత్రికే వెళ్లరు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోని 64ఎ సెక్షన్ ప్రకారం, వాడినందుకో, తక్కువ మోతాదు దగ్గర ఉన్నందుకో కేసు ఎదుర్కొంటున్న బానిస తనంతట తానుగా గుర్తింపు పొందిన చోట చికిత్సకు సిద్ధపడితే, ఆ చికిత్స పూర్తిచేస్తే, అతనికి ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంది. పేద కుటుంబమైతే చికిత్స ఖర్చుకు జకాత్ నుంచి ఎలా సాయపడవచ్చో స్థానిక ఉలమాను అడిగి తెలుసుకోండి. డబ్బు కుర్రవాడి చేతికివ్వకుండా ఆసుపత్రికే చెల్లించే ఏర్పాటు చేయండి.

“పెళ్లి చేస్తే వాడే దారికొస్తాడు” అన్న మాట మన ఇళ్లలో తరచూ వినిపిస్తుంది. ఇది వైద్యం కాదు, ఒక అమ్మాయి పట్ల చేసే ద్రోహం. సంబంధం చూసేటప్పుడు అబ్బాయి అలవాటును దాచిపెట్టే తల్లిదండ్రులు, తెలిసీ “అంతా మంచిదే” అని సాక్ష్యం చెప్పే పొరుగువారు, విచారించకుండా నికాహ్ చదివించే పెద్దలు అందరూ ఆ ద్రోహంలో భాగస్వాములే. దోషాన్ని కప్పమన్న ఆజ్ఞ ఇక్కడ వర్తించదు. పెళ్లి సంబంధం గురించి సలహా అడిగిన ఫాతిమా బిన్తె ఖైస్ (రజి)కి, అడిగిన ఇద్దరి లోపాలనూ దైవప్రవక్త (స) దాచకుండా చెప్పారు. (ముస్లిం)

చికిత్స పూర్తయి వచ్చిన కుర్రవాడికి పాత చబూత్రా, పాత స్నేహితులు, పాత ఫోన్ నంబర్లు ఎదురుచూస్తుంటాయి. మళ్లీ జారవచ్చు. ఒకసారి జారితే చికిత్స వృథా అయినట్లు కాదు, మళ్లీ వైద్యుని దగ్గరికి తీసుకెళ్లాలి. ఈ నెలల్లో అతనికి ఉపన్యాసం కన్నా పని ముఖ్యం. మొహల్లాలో ఏసీ మెకానిక్కో, టైలరో, కిరాణా వ్యాపారో ఒక్కరు ముందుకొచ్చి తన దగ్గర పెట్టుకోవాలి. కూలి డబ్బు ఏ రోజుకా రోజు చేతికివ్వాలా, వారానికోసారి తల్లికి అందజేయాలా అన్నది అతన్నే అడిగి నిర్ణయించాలి. ఫజర్‌కు వెళ్లేటప్పుడు ఇద్దరు స్నేహితులు అతని తలుపు తట్టాలి. జుమా రోజున అతను సఫ్‌లో నిలబడితే పక్కవాడు జరిగిపోకుండా భుజానికి భుజం ఆనించి నిలబడాలి.